శంకువు కాలమ్‌లో ఇసుక మొండికేస్తోంది: టేపర్డ్ ఫ్లూయిడైజ్డ్ బెడ్ మీద సందేహం

ఇసుక_గరాటు | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోనే కెమికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ చేస్తున్నాను. ప్రాజెక్టు టేపర్డ్ ఫ్లూయిడైజ్డ్ బెడ్ మీద, అంటే పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే కాలమ్‌లో కింది నుంచి గాలి పంపి ఇసుకని తేల్చడం. దాని కోసం అక్రిలిక్‌తో శంకువు ఆకారంలో ఒక కాలమ్ చేయించాం. అడుగున వ్యాసం 10 సెంటీమీటర్లు. అక్కడి నుంచి గోడలు బయటికి 10 డిగ్రీలు వాలుతూ పైకి వెళ్తాయి. అందులో 0.3 మిల్లీమీటర్ల ఇసుక దాదాపు ఏడున్నర కిలోలు పోశాను. బెడ్ (పోసిన ఇసుక) ఎత్తు 28 సెంటీమీటర్ల పైచిలుకు, ఇసుక పైమట్టం దగ్గర వ్యాసం 20. కింద కంప్రెసర్ గాలి, గాలి పరిమాణం చూపే రోటామీటర్, రంగునీళ్లు పోసిన యూ-ట్యూబ్ మానోమీటర్. సెటప్ అంతే.

నిటారు కాలమ్‌లో గాలి పెంచుతూ పోతే ప్రెజర్ డ్రాప్ (ఇసుక కిందా పైనా గాలి పీడనంలో తేడా) కూడా పెరుగుతుంది, ఇసుక తేలగానే ఒకచోట ఆగిపోతుంది. మనందరం ల్యాబ్‌లో చేసిందే. ఇక్కడ అలా జరగడం లేదు. మానోమీటర్ 50 సెంటీమీటర్ల దాకా ఎగబాకింది, ఇసుకలో చలనం లేదు. ఇంకాస్త గాలి ఇచ్చేసరికి బెడ్ మొత్తం ఒక్క ఉదుటున పైకి లేచి, మధ్యలో పగిలి, రీడింగ్ 40 దగ్గరికి పడిపోయింది. గాలి తగ్గిస్తూ వెనక్కి వస్తే ఆ 50 మళ్లీ కనపడలేదు. గ్రాఫ్ వేరే దారిలో దిగింది.

తేలే కనీస వేగం చెప్పే వెన్-యూ సూత్రంలో వేసి చూస్తే ఈ ఇసుక సెకనుకు 7.5 సెంటీమీటర్ల వేగం దగ్గర తేలాలి. అడుగు వైశాల్యంతో లెక్కిస్తే అది నిమిషానికి 35 లీటర్ల గాలి. దానికి రెట్టింపు ఇచ్చినా కదల్లేదు. గైడ్ గారు లీకేజీ చూడమన్నారు. సబ్బునీళ్లతో అంతా చూశాను, లీకు లేదు. రివ్యూ దగ్గర పడింది, కొంచెం టెన్షన్‌గా ఉంది.

నాచారం_నట్టు | రాత్రి 9:30

తమ్ముడూ, ఆ 50లో అడుగున గాలిని పంచే డిస్ట్రిబ్యూటర్ ప్లేటు వాటా తీసేశావా లేదా? అది మొదలు చెప్పు. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ఇసుక_గరాటు | రాత్రి 9:34

తీసేశాను అన్నా. ఖాళీ కాలమ్‌తో రీడింగులు ముందే రాసి పెట్టుకున్నాను. 50 అన్నది అవి పోగా మిగిలిన లెక్క.

నాచారం_నట్టు | రాత్రి 9:36

అయితే నా పని అయిపోయింది. పెద్దాయన వచ్చేదాకా ఆగు.

రిటైర్డ్_గ్యాసిఫయర్ | రాత్రి 10:48

బాబూ, నీ కాలమ్‌కి ఏ జబ్బూ లేదు. శంకువు బెడ్ ఎలా ప్రవర్తించాలో అలాగే ప్రవర్తించింది. నువ్వు దానికి నిటారు గొట్టం లెక్క వేశావు, తేడా అక్కడుంది.

ఇసుకలోంచి గాలి పోతే ఎంత ప్రెజర్ డ్రాప్ వస్తుందో చెప్పే, ఎర్గన్ 1952లో ఇచ్చిన సమీకరణం తీసుకో. నీ ఇసుక సన్నది కాబట్టి అందులో వేగంతో నేరుగా పెరిగే భాగం చాలు, వర్గంతో పెరిగే భాగం ఇక్కడ చిన్నది. ఇప్పుడు బెడ్‌ని సెంటీమీటరు మందం పొరలుగా కోసినట్టు ఊహించు. ఒక పొర మీద గాలి పైకి తోసే బలం ఎంత? ఆ పొరలో ప్రెజర్ డ్రాప్‌ని దాని వైశాల్యంతో హెచ్చించాలి. ప్రెజర్ డ్రాప్ వేగాన్ని బట్టి ఉంటుంది. వేగాన్ని వైశాల్యంతో హెచ్చిస్తే వచ్చేది గాలి పరిమాణం, అది ఏ పొరలోనైనా ఒకటే. అంటే అడుగు పొర మీదా, పై పొర మీదా గాలి తోసే బలం సమానం!

బరువు మాత్రం సమానం కాదు. నీ కాలమ్‌లో పై వ్యాసం అడుగుకి రెట్టింపు, కాబట్టి పై పొర బరువు అడుగు పొరకి నాలుగింతలు. నిమిషానికి 35 లీటర్లు దాటగానే అడుగు పొర లేవడానికి సిద్ధంగానే ఉంది. పైనున్న ఇసుక నెత్తిన కూర్చుంటే ఎక్కడికి పోతుంది? అడుగున మిగిలిన బలం పైన తక్కువ పడినదాన్ని పూడ్చేదాకా బెడ్ మొత్తం ఒకే దిమ్మలా ఉండిపోతుంది.

మొత్తం బలం, మొత్తం బరువు ఎప్పుడు సమానమవుతాయి? సగటు వైశాల్యం దగ్గర వేగం 7.5 అయినప్పుడు. నీ శంకువులో సగటు వైశాల్యం అడుగు వైశాల్యానికి మూడింట ఏడు వంతులు. 35ని 7తో హెచ్చించి 3తో భాగించు, 82 దగ్గరికొస్తుంది. నీ ఇసుక ఎక్కడ లేచిందో రోటామీటర్ రీడింగ్ చూసి చెప్పు.

ఇసుక_గరాటు | రాత్రి 10:57

సార్, 85 దగ్గర!

రిటైర్డ్_గ్యాసిఫయర్ | రాత్రి 11:20

సరిపోయింది కదా. ఇక ఆ 50 సంగతి. ఇదే లెక్క కొనసాగిస్తే శిఖరానికీ, పూర్తిగా తేలాక ఉండే ప్రెజర్ డ్రాప్‌కీ ఉన్న నిష్పత్తి వస్తుంది. అడుగు వ్యాసార్ధం వర్గం, పై వ్యాసార్ధం వర్గం, రెండింటి లబ్ధం, ఈ మూడూ కూడి, ఆ లబ్ధానికి మూడు రెట్లతో భాగించు. పైది అడుగుకి రెట్టింపైతే ఆరింట ఏడు వంతులు. అంటే 40 బదులు 47 దాకా ఎగబాకాలి. పైది మూడు రెట్లయితే 44 శాతం ఎక్కువ. ఒకటిన్నర రెట్లయితే ఆరు శాతం కూడా ఉండదు, మానోమీటర్ ఊగిసలాటలో కలిసిపోతుంది.

నీకు 50 వచ్చింది. మిగతా మూడు సెంటీమీటర్లు ఇసుక ఒత్తుగా కూరుకోవడం వల్ల, రేణువులు ఒకదానికొకటి చిక్కుకుని గోడని పట్టుకోవడం వల్ల. పోసేటప్పుడు కాలమ్‌ని తట్టావా?

ఇసుక_గరాటు | రాత్రి 11:24

తట్టాను సార్, పైమట్టం సమంగా రావాలని.

రిటైర్డ్_గ్యాసిఫయర్ | రాత్రి 11:31

ఇక తట్టకు. ప్రతి రన్ ముందు ఒకసారి బాగా తేలనిచ్చి, గాలి మెల్లగా మూసేసి, ఆ బెడ్‌తో మొదలుపెట్టు. శిఖరం తగ్గుతుంది, పైగా ఒక రన్‌కీ ఇంకో రన్‌కీ పొంతన ఉంటుంది.

వెనక్కి వచ్చేటప్పుడు శిఖరం ఎందుకు లేదంటావా? అప్పుడు బద్దలు కొట్టాల్సిన దిమ్మ లేదు కదా. గాలి తగ్గుతుంటే ముందు పై అంచులు నిలుస్తాయి, తర్వాత నిలిచే భాగం కిందికి దిగుతుంది. చివరగా అడుగు మధ్యభాగం ఆగుతుంది. బెడ్ వదులుగా సర్దుకుంటుంది, అందుకే అదే గాలికి రీడింగ్ తక్కువ. ఇంకోటి గుర్తుంచుకో, 85 దగ్గర దిమ్మ పగిలినంత మాత్రాన బెడ్ అంతా తేలినట్టు కాదు. పైమట్టం దగ్గర కూడా 7.5 వేగం రావాలంటే నిమిషానికి 140 లీటర్లు కావాలి. ఆ రెండింటి మధ్యలో అడుగున ఉడుకు, పైన గోడల పక్కన నిద్ర. రిపోర్టులో ఒకే కనీస వేగం రాయకు, రెండూ రాయి.

జీడిమెట్ల_ఎఫ్‌బీడీ | శనివారం, ఉదయం 7:05

నైట్ షిఫ్ట్ దిగి బస్సులో చదువుతున్నా. సార్ చెప్పిన దిమ్మ మాకు రోజూ కనబడేదే, దాని వెనక ఇంత లెక్క ఉందని తెలీదు.

ఫార్మా బయటివాళ్ల కోసం: టాబ్లెట్‌కి ముందు పౌడర్‌ని బైండర్‌తో తడి ముద్ద చేసి గ్రాన్యూల్స్ తీస్తాం. అవి ఆరేది ఎఫ్‌బీడీలో, అంటే ఫ్లూయిడ్ బెడ్ డ్రయర్‌లో. దాని బౌల్ ఈ తమ్ముడి కాలమ్ లాంటిదే, అడుగున ఇరుకు, పైన వెడల్పు. అడుగున చిల్లుల ప్లేటు మీద సన్నటి మెష్, పైన ఇంకా వెడల్పు చాంబరు, ఆ పైన పొడి బయటికి పోకుండా ఆపే ఫింగర్ బ్యాగులు. బ్లోవర్ పై నుంచి గాలిని లాగుతుంది.

తడి మెటీరియల్ వేయగానే డ్యాంపర్ (గాలిని పెంచే, తగ్గించే తలుపు) కొంచెం తెరిస్తే ఏమీ కదలదు. గ్లాసు దగ్గర టార్చి వేసి చూస్తే ముద్ద అలాగే కూర్చుని ఉంటుంది. తొందరపడి డ్యాంపర్ బార్లా తెరిస్తే ముద్దకి ముద్ద లేచి బ్యాగులకి కొట్టుకుంటుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో కొత్తగా వచ్చిన ఆపరేటర్ అర్ధరాత్రి ఇదే చేశాడు. తడి మెటీరియల్ బ్యాగులకి పేస్టులా అంటుకుంది. షేకింగ్ ఎంత చేసినా రాలలేదు. బ్యాచ్ ఆపి, బ్యాగ్ దింపి, మళ్లీ ఎక్కించేసరికి తెల్లారింది. ఆ తర్వాత డీవియేషన్ (పద్ధతి తప్పినదానికి సంజాయిషీ) రాయడం ఒకటి, అది ఇంకో నరకం.

పాత చేతులు ఏం చేస్తాయంటే, డ్యాంపర్‌ని మెట్లు మెట్లుగా తెరుస్తాయి. బెడ్ డీపీ (ప్రెజర్ డ్రాప్) మీద కన్ను ఉంటుంది. ముల్లు ఎక్కి ఎక్కి టక్కున పడిందా, అక్కడ డ్యాంపర్ కాస్త వెనక్కి. పదీ పదిహేను నిమిషాలకి ఆపి, బౌల్ లాగి, గరిటతో కలిపి, గడ్డలు చిదిపి మళ్లీ పెడతాం. ఎల్‌ఓడీ (మిగిలిన తేమ కొలత) కావాల్సిన చోటికి వచ్చేకొద్దీ గ్రాన్యూల్ తేలికవుతుంది కాబట్టి గాలి తగ్గిస్తూ పోవాలి, లేకపోతే సన్నదంతా బ్యాగుల్లోకి పోతుంది.

నాచారం_నట్టు | ఉదయం 9:15

ఒక మొద్దు ప్రశ్న. ఇన్ని తిప్పలెందుకు? నిటారు గొట్టం చేయడం తేలిక. శంకువు అంటే షీటు కోణం కట్టింగు, రోలింగు, సీమ్ దగ్గర వంకర. నా షాపులో రెండింటి కూలీకి బోలెడు తేడా. కస్టమర్ డబ్బులు వదిలించుకోవడానికి తప్ప లాభం ఏంటి?

జీడిమెట్ల_ఎఫ్‌బీడీ | ఉదయం 9:40

అన్నా, మా గ్రాన్యూల్స్ అన్నీ ఒకే సైజులో ఉండవు. లావువి, సన్నవి, పొడి, అన్నీ కలిసే ఉంటాయి. నిటారు గొట్టంలో లావువి లేవడానికి సరిపడా గాలిస్తే సన్నవి ఎగిరిపోతాయి. సన్నవాటికి సరిపడా ఇస్తే లావువి అడుగున కూర్చుని మాడతాయి. బౌల్‌లో అడుగున వేగం ఎక్కువ, అక్కడ లావువి ఆడతాయి. పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది, సన్నవి అక్కడే ఆగిపోతాయి. అందరికీ ఒకే బ్లోవర్‌తో న్యాయం.

రిటైర్డ్_గ్యాసిఫయర్ | ఉదయం 11:02

దానికి తోడు నిటారు గొట్టంలో స్లగ్గింగ్ అనే బెడద. సన్నగా పొడుగ్గా ఉన్న నిటారు గొట్టంలో బుడగ పెరిగి పెరిగి గొట్టమంత అవుతుంది, ఇసుకని పిస్టన్‌లా తోస్తుంది. శంకువులో బుడగ పెరిగేకొద్దీ చోటూ పెరుగుతుంది, గాలి వేగమూ తగ్గుతుంది. ఇసుక మధ్యలో లేచి గోడల వెంట దిగుతూ చక్కగా తిరుగుతుంది.

బొగ్గు గ్యాసిఫికేషన్‌లో, అంటే బొగ్గుని గ్యాసుగా మార్చడంలో, అడుగు శంకువుకి ఇంకో పని. మన దేశపు బొగ్గులో బూడిద 35 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. బూడిద మెత్తబడి గడ్డ కడితే అది అడుగుకి దిగి బయటికి పోవాలి, కాలని బొగ్గు మాత్రం లోపలే ఉండాలి. శంకువు మొదట్లో వేగం ఎక్కువ కాబట్టి బరువైన గడ్డే దిగగలదు, తేలికైన బొగ్గు రేణువు వెనక్కి ఎగురుతుంది. జర్మనీలో ఫ్లూయిడైజ్డ్ బెడ్‌తో నడిచే వింక్లర్ గ్యాసిఫయర్ 1926లో లాయినాలో మొదలైంది. మన ఊళ్లోనే బీహెచ్‌ఈఎల్ ఆర్ అండ్ డీ కేంద్రంలో ఎక్కువ బూడిద ఉన్న బొగ్గుని ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో గ్యాస్ చేసి, దాన్నుంచి రోజుకి పావు టన్ను మిథనాల్ తీసే పైలట్ ప్లాంటుని 2022 జనవరిలో ప్రారంభించారు. ఆ గేటు లోపల ఇలాంటిది ఉందని ఎందరికి తెలుసు?

నష్టం లేదని కాదు. బ్లోవర్‌ని శిఖరానికి తగ్గట్టు కొనాలి, నడిచేటప్పటి ప్రెజర్‌కి కాదు. నేను చూసిన ఒక ప్లాంటులో సరిగ్గా అక్కడే కక్కుర్తి పడ్డారు. షట్‌డౌన్ తర్వాత తేమ పట్టి బిగుసుకున్న బెడ్‌ని ఆ బ్లోవర్ లేపలేకపోయింది. పక్క నాజిల్ విప్పి ఇనుప చువ్వతో పొడిచి లేపాల్సి వచ్చింది.

మెష్_మేడం | మధ్యాహ్నం 2:26

నేను సీఎఫ్‌డీ, అంటే గాలి, ద్రవాల కదలికని కంప్యూటర్‌లో లెక్కించే వైపు మనిషిని. సార్ లెక్కతో గొడవ లేదు, ఒక హెచ్చరిక మాత్రం. తమ్ముడు తర్వాత సిమ్యులేషన్ కూడా చేయాలనుకుంటే, టూ-ఫ్లూయిడ్ మోడల్‌లో ఆ శిఖరం తనంతట తాను రాదు. గ్యాసునీ, ఇసుకనీ రెండు ద్రవాల్లా చూసే మోడల్ అది. ఇసుక ఒత్తుగా ఉన్నప్పుడు రేణువుకీ రేణువుకీ మధ్య ఉండే రాపిడి ఒత్తిడిని విడిగా చేర్చకపోతే, దిమ్మ అనేదే ఉండదు, బెడ్ మెత్తగా తేలిపోతుంది. గాలి రేణువుని లాగే బలానికి గిడస్పో డ్రాగ్ సూత్రం పెట్టాను కదా అని ధీమాగా ఉండేవాళ్లని చాలామందిని చూశాను. అది రేణువుల మధ్య ఖాళీ వాటా 0.8 కంటే తక్కువ ఉన్నచోట ఎర్గన్, ఎక్కువ ఉన్నచోట వెన్-యూ డ్రాగ్ సూత్రం వాడుతుంది, అంతే. అందులో రాపిడి లేదు.

గాలి తగ్గించే గ్రాఫ్ మాత్రం చాలావరకు సరిగ్గా వస్తుంది. కాబట్టి పోల్చేటప్పుడు ముందు దాన్ని పోల్చండి.

రిటైర్డ్_గ్యాసిఫయర్ | మధ్యాహ్నం 3:10

మేడం, ఒక్కో రేణువునీ విడిగా లెక్కించే పద్ధతి ఉందటగా? దానితో చేస్తే రాపిడి దానంతట అదే వస్తుంది కదా.

మెష్_మేడం | మధ్యాహ్నం 3:22

డీఈఎమ్ (డిస్క్రీట్ ఎలిమెంట్ మెథడ్) అంటున్నారు మీరు. వస్తుంది సార్. కాకపోతే ఈ ఏడున్నర కిలోల ఇసుకలో రేణువులు దాదాపు ఇరవై కోట్లు. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న సిస్టమ్ మీద అది మొదలుపెడితే తమ్ముడి పెళ్లికి రిజల్ట్ వస్తుంది. రెండు మిల్లీమీటర్ల గాజు పూసలతో చిన్న కాలమ్ చేసి అక్కడ పోల్చుకోవడం నయం.

ఇసుక_గరాటు | సాయంత్రం 5:48

అందరికీ థ్యాంక్స్. మరో చిక్కు. పూర్తిగా తేలాక రీడింగ్ 40 సెంటీమీటర్లు, అంటే దాదాపు 4,000 పాస్కల్స్. అడుగు ప్లేటు వైశాల్యంతో హెచ్చిస్తే 31 న్యూటన్లు. ఇసుక బరువేమో 73 న్యూటన్లు. బరువుని గాలే మోస్తోందంటారు కదా, మరి మిగతా 42 ఎవరు మోస్తున్నారు? వైవాలో ఇదే అడుగుతారని భయంగా ఉంది.

మెష్_మేడం | సాయంత్రం 6:05

మంచి ప్రశ్న, వైవాలో కచ్చితంగా వస్తుంది. తేలిన బెడ్ ద్రవంలా నడుచుకుంటుంది. ద్రవం అడుగున పీడనం ఎత్తుని బట్టే గానీ పాత్ర ఆకారాన్ని బట్టి ఉండదు, స్కూల్లో పాస్కల్ పాఠంలో చదివినదే. గాలి పీడనం వాలు గోడల మీద కూడా నొక్కుతోంది, గోడ దాన్ని తిరిగి లోపలికీ పైకీ నెడుతోంది. ఆ పైకి నెట్టే వాటాలన్నీ కూడితే మీ 42. రేణువుని మోసేది గాలే, ఆ గాలిని వెనక్కి నెట్టేవి ప్లేటూ గోడలూ కలిపి. నిటారు గొట్టంలో గోడకి ఈ పని లేదు, అందుకే అక్కడ ప్రెజర్ డ్రాప్‌ని వైశాల్యంతో హెచ్చిస్తే నేరుగా బరువు వస్తుంది.

నాచారం_నట్టు | సాయంత్రం 6:11

ఇది నాకు కూడా అర్థమైంది. మేడం క్లాసు చెప్తే ఫీజు కట్టి కూర్చుంటా.

ఇసుక_గరాటు | రాత్రి 8:40

ఇంకొక్కటి. గైడ్ గారు 30 డిగ్రీల వాలుతో ఇంకో కాలమ్ చేద్దామంటున్నారు. పనికొస్తుందా?

రిటైర్డ్_గ్యాసిఫయర్ | రాత్రి 9:26

చేయొచ్చు, కానీ అది వేరే కథ అవుతుంది. అంత వాలులో గాలి విస్తరించదు, మధ్యలో సూటిగా పైకి చిమ్ముతుంది. చుట్టూ ఇసుక నెమ్మదిగా జారి మళ్లీ ఆ ధారలో పడుతుంది. దాన్ని స్పౌటెడ్ బెడ్ అంటారు. 1955లో కెనడాలో మాథుర్, గిష్లర్ గోధుమలు ఆరబెట్టడం కోసం దాన్ని వివరించారు. గెల్డార్ట్ 1973లో రేణువులకి చేసిన వర్గీకరణలో డి గ్రూపు అంటే లావు గింజలకి అది బాగా కుదురుతుంది. నీ ఇసుక అంతకన్నా సన్నది, బి గ్రూపు. అణు ఇంధనపు గింజల మీద కార్బన్ పొరలు వేయడానికి కూడా శంకువు అడుగున్న స్పౌటెడ్ బెడ్లే వాడతారు. ఫార్మాలో గింజలకి పూత వేసేందుకు అడుగు నుంచి స్ప్రే చేసే వుర్‌స్టర్ కోటింగు సంగతి జీడిమెట్ల తమ్ముడికి నాకన్నా బాగా తెలుసు.

నా సలహా, 30కి దూకొద్దు. 5, 10, 15 తీసుకో. వాలుని బట్టి శిఖరం ఎలా పెరుగుతుందో చూపించు, లెక్కతో పోల్చు. చదవడానికి రూర్కెలా ఎన్‌ఐటీ వాళ్లు శంకువు బెడ్ల మీద చేసిన పని చాలా ఉంది. పెంగ్, ఫ్యాన్ 1997లో గాలి బదులు నీళ్లతో చేసి, బెడ్ తేలడంలో ఐదు దశలు చెప్పారు. వాళ్ల బల సమీకరణమే నీ గాలి లెక్కకీ పునాది.

మెష్_మేడం | రాత్రి 9:50

సార్ చెప్పినట్టే చేయండి. దానితో పాటు మానోమీటర్ ఒక్కటే కాకుండా గోడ వెంట నాలుగు ఎత్తుల్లో ప్రెజర్ టాపులు (పీడనం కొలిచే చిన్న రంధ్రాలు) పెట్టండి. దిమ్మగా ఉన్నప్పుడు అడుగు టాపుల మధ్య తేడా ఎక్కువ, పైన తక్కువ ఉండాలి. పూర్తిగా తేలాక సెంటీమీటరుకి తేడా అన్నిచోట్లా ఒకటే రావాలి. ఆ ఒక్క గ్రాఫ్ చాలు, వైవాలో ఎవరూ లీకేజీ మాట ఎత్తరు.

ఇసుక_గరాటు | రాత్రి 9:58

అక్రిలిక్‌కి డ్రిల్ పెడితే పగులుతుందేమో మేడం. నట్టు అన్నా, మీ షాపులో చేస్తారా?

నాచారం_నట్టు | రాత్రి 10:15

చేస్తా. నువ్వు మాత్రం ఇంట్లో డ్రిల్ పట్టుకోకు, కచ్చితంగా బీట ఇస్తుంది. రెండు మిల్లీమీటర్ల రంధ్రం చాలు. లోపలి అంచున గరుకు మిగలకూడదు, మిగిలితే రీడింగ్ అటూ ఇటూ పోతుంది. ఇసుక ట్యూబులోకి దూరకుండా లోపల సన్న మెష్ ముక్క అతికించాలి. మెష్ రాణీగంజ్‌లో దొరుకుతుంది, నీ ఇసుక కంటే సన్న కన్ను ఉన్నది తీసుకో. గోడ వాలు కాబట్టి రంధ్రం గోడకి లంబంగా రావాలి, నేలకి సమాంతరంగా కాదు. డ్రాయింగ్‌లో అది స్పష్టంగా రాసి ఆదివారం రాత్రికి పంపు. సోమవారం మధ్యాహ్నం లోపు కాలమ్ తీసుకురా, ఇసుక ఖాళీ చేసి మరీ.

జీడిమెట్ల_ఎఫ్‌బీడీ | రాత్రి 11:36

తమ్ముడూ, టాపులు పెట్టాక దిమ్మ లేచేటప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తియ్యి. మా బౌల్ స్టీలుది, గ్లాసులోంచి పైపైన తప్ప లోపల ఏం జరుగుతుందో కనబడదు. కొత్త బ్యాచ్ ట్రైనీలు వచ్చారు, డ్యాంపర్ దగ్గర వాళ్లకి చూపిస్తా.